ఒక్కటే కాలుస్తా

రాళ్ళకుంట బ్యాంకు గార్డు బోయ ఓబులేసును పోలీసులు మంగళవారం ఉదయం పదకొండూ ఇరవైకి పట్టుకున్నారు. అప్పుడాయన బ్యాంకు వెనక గోడ దగ్గర ఉన్నాడు. డబుల్ బ్యారెల్ తుపాకీ భుజాన ఉంది. ఎస్సై మస్తాన్‌వలి ముందు తుపాకీ తీసుకున్నాడు, తర్వాత చేయి పట్టుకున్నాడు.

"ఏమైంది సార్?"

"నువ్వే చెప్పాల. నీ తుపాకీ మాకు ఫోన్ చేసింది."

"తుపాకీ ఫోన్ చేసేదేంది సార్?"

"తాళం పెట్టించుకున్నావు కదా, అది చేసింది. నీ పెండ్లాన్ని కాల్చబోతున్నావంట."

ఓబులేసు నోరు తెరిచాడు, మూశాడు. జీపు ఎక్కేదాకా మళ్ళీ మాట్లాడలేదు. పింఛను కోసం వరుసలో నిలబడ్డ పద్నాలుగు మంది ఇదంతా చూశారు. వాళ్ళలో ఒకాయన, "ఈయప్పా? దోమను కొట్టాలన్నా రెండు తూర్లు ఆలోసిస్తాడే," అన్నాడు. పక్కనున్నాయన, "మాట్లాడనోళ్ళనే నమ్మకూడదు," అన్నాడు. సాయంత్రానికి ఊళ్ళో ఈ రెండోమాటే నిలబడింది.

ఓబులేసుకు యాభై ఎనిమిదేళ్ళు. పదిహేడేళ్ళు సైన్యంలో ఉన్నాడు. తిరిగొచ్చి లైసెన్సు మీద తుపాకీ కొనుక్కుని, పంతొమ్మిదేళ్ళుగా ఈ బ్యాంకులో పనిచేస్తున్నాడు. ఎన్నికల ముందు లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించాలి. ఈసారి ఎన్నికలు ముగిశాక వాటిని తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళకు, ఇష్టమైతే ట్రిగ్గర్ వెనక ఒక తాళం బిగిస్తామని చెప్పారు. దాని పేరు కావలి. జిల్లాలో రెండువందల పన్నెండు మంది ఒప్పుకున్నారు. మొదటి సంతకం ఓబులేసుది.

కావలి బొటనవేలి గోరంత ఉంటుంది. తుపాకీకి పది అడుగుల లోపు మనుషులు మాట్లాడేది వింటుంది. పట్టుకున్నవాడి అరచేతినుంచి నాడి, వణుకు తీసుకుంటుంది. ఈ రెండూ కలిపి సున్నా నుంచి వంద దాకా ఒక అంకె వేస్తుంది. బెదిరింపు మాటలు పేరుకునే కొద్దీ అంకె పెరుగుతుంది. అరవై దాటితే ట్రిగ్గర్ బిగుసుకుంటుంది. తొంభై దాటితే దగ్గరి స్టేషన్‌కు ఫోన్ వెళుతుంది. గొంతులు నిల్వ ఉంచడానికి జనం ఒప్పుకోలేదు కనుక అది దేన్నీ రికార్డు చెయ్యదు. అంకెకు కారణమైన పది వాక్యాల అర్థాన్ని మాత్రం ఇంగ్లీషులో ఉంచుకుంటుంది. ఓబులేసు అంకె తొంభై నాలుగు.

విచారణకు పన్నెండు రోజుల గడువు పెట్టారు. అప్పటిదాకా ఆయన భార్యకు వంద గజాల దూరంలో ఉండాలి. భార్య నాగమునెమ్మను పోలీసులే ఆమె చెల్లెలి ఇంట్లో దింపివచ్చారు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో, సైన్యంలో ఉన్న కాలం పోగా, వాళ్ళు విడిగా ఉండడం ఇదే మొదలు.

మరునాడు అనంతపురం శివార్లలోని ప్రయోగశాలలో మైసూర్‌పాకు పంచారు.

కావలిని నాలుగు దేశాలు కలిసి తయారు చేశాయి. మధ్యాహ్నం మూడింటికి నాలుగు జట్లూ తెరల మీద కలిశాయి. జపాన్‌ నుంచి మోరితా మాట్లాడాడు. తమ దగ్గర తుపాకీ కావాలంటే పరీక్ష రాయాలని, పోలీసులు చుట్టుపక్కలవాళ్ళను కూడా అడుగుతారని, అందుకని తాళానికి పెద్దగా పని తగల్లేదని చెప్పాడు. బ్రెజిల్‌లో తాళం నూటపదిసార్లు బిగుసుకుంది. ముగ్గురు ఆడవాళ్ళు దానివల్ల బతికారు, అందులో అనుమానం లేదు. ఫిన్లాండ్‌ నుంచి ఐనో రెండే వాక్యాలు చదివింది. చెరువు పక్కన ఒంటరిగా ఉండే ఒక వేటగాడు తొమ్మిది రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. పదో రోజు తన తుపాకీతోనే చనిపోయాడు, ఆ ఉదయం అతని అంకె ఎనిమిది.

తర్వాత ప్రయోగశాల డైరెక్టర్ తిరుమలాచారి గొంతు సవరించుకున్నాడు.

"భారత్‌లో ఒకటి. తొంభై నాలుగు. భార్య ప్రాణాలతో ఉంది."

చప్పట్లు కొట్టారు. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి నాలుగు దేశాల్లో నలభై వేల తుపాకులకు ఈ తాళం తప్పనిసరి అవుతుంది. ఆ నిర్ణయానికి ఇలాంటి ఒక ఉదాహరణ కావాలని అందరూ ఎదురుచూస్తున్నారు.

కావలికి తెలుగు నేర్పే పని చేసింది కొండూరు హైమావతి. నలభై మూడేళ్ళు, ఆరేళ్ళుగా ఇదే పని. ఇంగ్లీషులో బెదిరింపు వాక్యాలు లక్షల్లో దొరికాయి. తెలుగులో దొరకలేదు. దొరికేదాకా ఆగడానికి సమయం లేదు. దాంతో ఆమె దగ్గరి దారి పట్టింది. తెలుగు వాక్యాన్ని ముందు ఇంగ్లీషులోకి మార్చి, దాన్ని అక్కడ తూచే ఏర్పాటు చేసింది. పరీక్షల్లో అది బాగానే నడిచింది.

సమావేశం అయ్యాక ఆమె మైసూర్‌పాకు పక్కన పెట్టి ఓబులేసు పది వాక్యాలు తెరిచింది. ఇంగ్లీషులో ఉన్నవాటిని మనసులో తెలుగు చేసుకుంటూ చదివింది. నేను ఒక్కటి పేలుస్తాను. ఆమెకు తెలియకూడదు. చేతులు వణుకుతున్నాయి, ఇక ఆగలేను. పదో వాక్యం మాత్రం ఇంట్లో ఆడగొంతుతో చెప్పింది: నువ్వు తుపాకీ పేలిస్తే నా శవం చూస్తావు.

తర్వాత వాక్యాల పక్కనున్న సమయాలు, చోట్లు చూసింది. తొమ్మిది వాక్యాలూ పగటివే. కొన్ని పదకొండూ పదికి, కొన్ని మూడూ నలభైకి. తొమ్మిదీ బ్యాంకు వెనక గోడ దగ్గరే. భార్యను చంపదలచినవాడు రోజూ అదే గంటకు అదే గోడ దగ్గర నిలబడి ఎవరితో చెబుతున్నాడు?

మర్నాడు ఆమె రాళ్ళకుంట బస్సెక్కింది.

పదకొండూ పదికి గోడ నీడలో ఒక ముసలామె కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. చీపురు పక్కన ఉంది. హైమావతిని చూసి, "లోనుకైతే ముందుపక్క పోమ్మా. ఈడ సెత్తే ఇస్తారు," అంది. బ్యాంకు ఊడ్చే సుంకులమ్మ ఆమే.

"లోను కాదమ్మా. ఓబులేసుగారు ఇక్కడ ఎవరితో మాట్లాడేవారు?"

"నాతోనే. ఇంగెవురుండారు ఈడ?"

"ఏం మాట్లాడేవారు?"

"ఏముంటాది? 'సుంకులక్కా, ఒగటి ఈ. ఒక్కటే కాలుస్తా. ఆయమ్మకు తెలీకూడదు' అంటాడు. ఊపిరితిత్తులు బాగలేవు, మానుకోమన్యాడంట డాక్టరు. పెండ్లాం ముందర మానుకున్యాడు. ఈడికొచ్చి దినానికి రెండు. అదిచ్చేదాకా సేతులు ఎట్ల వణికేవనుకున్యావు! జొరమొచ్చినోని మాదిరి."

సుంకులమ్మ నడుముకు దోపుకున్న కట్టలోంచి బీడీ తీసి వెలిగించింది.

హైమావతి గోడకు చేయి ఆనించి నిలబడింది. మొక్కజొన్న కండె కాలుస్తారు. టపాకాయ కాలుస్తారు. వాత పెట్టాలన్నా ముందు గరిటె కాలుస్తారు. శవాన్ని కాలుస్తారు, బీడీ కాలుస్తారు, తుపాకీ కాలుస్తారు. అన్నిటికీ అదే మాట. ఇంగ్లీషులోకి మారేటప్పుడు యంత్రానికి ఒకటే ఎంచుకోవాలి. తుపాకీలో కూర్చున్న యంత్రం తుపాకీనే ఎంచుకుంది. దానికి అలా నేర్పింది తనే.

"ఏమ్మా, అట్లయినావు? నువ్వూ ఒగటి కాలుస్తావా?" అంది సుంకులమ్మ.

"వద్దమ్మా. ఈ సంగతి పోలీసులకు ఎందుకు చెప్పలేదు?"

"నన్నెవురడిగినారు?"

ఓబులేసు మాజీ సైనికుల సంఘం గదిలో ఉంటున్నాడు. తనెవరో చెప్పి, సుంకులమ్మ చెప్పినదంతా చెప్పాక, హైమావతి ఆయన ముఖం తేలికపడుతుందని ఎదురుచూసింది. ఆయన లేచి తలుపు మూశాడు.

"ఈ మాట ఇంగెవురికి సెప్పినారు మేడం?"

"ఇంకా ఎవరికీ చెప్పలేదు. మీరెందుకు చెప్పలేదో నాకు తెలియాలి. ఎస్సైతో ఒక్కమాట అంటే అదే రోజు వదిలేసేవారు."

"ఒట్టేసినా మేడం. మునెమ్మ నెత్తిన సెయ్యి పెట్టి. కాల్చినావంటే నా శవాన్ని సూస్తావు అనింది. సరే, ఇంగ ముట్టనని ఆమె మీదనే ఒట్టేస్తి."

"అయినా రోజుకు రెండు కాలుస్తూనే ఉన్నారు కదా?"

"కాలుస్తాండా. ఆమెకు తెలీనంతవరకు తగల్దు. తప్పినానని నా నోటితో సెప్పినానంటే తగుల్తాది."

ఈ చట్టం ఎక్కడా రాసి లేదు. నెలరోజులుగా ఓబులేసు దానిమీదే నెట్టుకొచ్చాడు.

"లైసెన్సు పోతుంది," అంది హైమావతి. "ఉద్యోగం పోతుంది. జైలు కూడా పడవచ్చు."

"పోనీ మేడం. ఆమె ఉంటాది కదా."

"ఊళ్ళో మిమ్మల్ని ఏమంటున్నారో విన్నారా?"

"పెండ్లాన్ని సంపబోయినోడంటాండారు. అననీ. నిజంగా సంపినోన్ని అయ్యేదానికంటే అది నయం." ఆయన చెయ్యి చాచాడు. "మీరూ సెప్పనని ఒట్టెయ్యండి."

"నేను ఒట్టెయ్యను," అని ఆమె వచ్చేసింది.

ప్రయోగశాలలో ఒక కావలి విడిగా ఉంది. హైమావతి రెండంతస్తుల మెట్లు మూడుసార్లు ఎక్కి దిగి, రొప్పుతూ వచ్చి దాన్ని అరచేతిలో బిగించింది. "ఒక్కటే కాలుస్తా. ఆయమ్మకు తెలీకూడదు," అంది. అంకె డెబ్బై ఒకటి. మళ్ళీ అంది, ఎనభై. "కాల్చినావంటే నా శవాన్ని చూస్తావు," అంది. తొంభై మూడు. ఆగి, "ఒక్క బీడీ కాలుస్తా," అంది. అంకె నాలుగుకు పడిపోయింది. బీడీ అన్న మాట ఉంటే యంత్రానికి ఏ ఇబ్బందీ లేదు. కాని అలవాటున్నవాడు దాని పేరెత్తడు.

తిరుమలాచారి పక్కన నిలబడి అంతా చూశాడు.

"ఒకటో తేదీకి ఇంకా పదిహేను రోజులుంది. ఆ ఒక్క మాట సరిచెయ్యమ్మా."

"ఒక్క మాట కాదు సార్. మా అమ్మ నన్ను రోజుకు పదిసార్లు చంపేసేది. మీరు నిన్న డ్రైవర్‌ను కాళ్ళు విరగ్గొడతానన్నారు."

"వాడు రివర్సులో గోడకు కొట్టాడు."

"అదే చెబుతున్నాను సార్."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. "తప్పు మనదేనని విచారణలో ఒప్పుకుంటే నాలుగు దేశాల్లోనూ కావలి ఆగిపోతుంది. బ్రెజిల్‌లో ముగ్గురు బతికారు. వాళ్ళ సంగతేమిటి?"

హైమావతి చేతిలోని కావలిని బల్ల మీద పెట్టి, "అక్కడ తీసెయ్యమని నేననడం లేదు," అంది. "అక్కడ అది వాళ్ళ మాట వింటోంది. ఇక్కడ మన మాట వినడం లేదు."

సాయంత్రం నాలుగు జట్లకూ ఆమే చెప్పింది. మోరితా, మీ భాషలో తుపాకీకి వేరే క్రియ లేదా అని అడిగాడు. పేల్చడం ఉందని, అది టపాకాయకూ వాడతారని, జోకులు కూడా పేలుస్తారని ఆమె చెప్పింది. ఐనో మాత్రం నవ్వలేదు. "మా మనిషి ఏమీ అనలేదు కాబట్టి యంత్రం ఊరుకుంది," అంది. "దాని మీద వదిలేసి మేమూ ఊరుకున్నాం. ఎవరైనా తలుపు తట్టి ఉండాల్సింది."

అయినా పరీక్ష ఒక్కటే సరిపోదన్నారు. యంత్రం పొరపడగలదని అది చూపిస్తుంది, ఓబులేసు విషయంలో పొరపడిందని కాదు. పక్కవాళ్ళ సాక్ష్యం చెల్లదు, ఆయన ఏ మాట అన్నాడో ఆయనే విచారణలో చెప్పాలి.

పన్నెండో రోజు ఉదయం పదిన్నరకు విచారణ మొదలైంది. ఆర్డీవో అధ్యక్షత. పక్కన ప్రభుత్వ వైద్యురాలు, ఎస్సై మస్తాన్‌వలి. ఓబులేసును ఒక మూల, నాగమునెమ్మను ఇంకో మూల కూర్చోబెట్టారు. మధ్యలో రెండు బల్లలు అడ్డం పెట్టారు.

ముందు మునెమ్మను అడిగారు.

"ఈయప్ప నన్నెందుకు కాలుస్తాడు సార్? నాకు కోపమొస్తేనే పెరట్లోకి పోతాడు. పోయి రెండు గంటలు రాడు."

గుమాస్తా రాసుకున్నాడు. ఆర్డీవో నియమం చదివి వినిపించాడు. బెదిరింపుకు గురైన భార్య బెదిరింపు లేదని చెప్పినా, నిజంగా లేదని తీసుకోకూడదు. భయంతో లేదన్నవాళ్ళు తర్వాత చచ్చిపోయిన దేశాల్లో పుట్టిన నియమం అది.

"అంటే నేను లేదంటే ఉన్నట్టా సార్?"

"అలా కాదమ్మా…"

"ఉందంటే?"

"ఉన్నట్టే."

"మల్ల నన్నెందుకు పిల్చినారు?" అంది మునెమ్మ. వైద్యురాలు కాగితాలు సర్దుకుంది.

ఓబులేసును అడిగారు. పది వాక్యాలూ చదివి, అన్నావా లేదా అన్నారు. ఆయన నేలకేసి చూశాడు. "నేను సెప్పేదేమీ లేదు సార్," అన్నాడు. రెండోసారి అడిగారు. అదే జవాబు. మూడోసారి అడిగి, జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు రాస్తామని ఆర్డీవో హెచ్చరించాడు. గుమాస్తా కలం ఎత్తాడు.

హైమావతి లేచింది. "సార్, పదో వాక్యం ఆయనది కాదు, ఆమెది. అది ఆమెనే అడగండి."

ఆర్డీవో కాగితం చూశాడు. "నిజమే. ఏమమ్మా, 'నువ్వు తుపాకీ పేలిస్తే నా శవం చూస్తావు' అని నీ భర్తతో అన్నావా?"

"తుపాకీనా?" మునెమ్మ అందరి ముఖాలూ చూసింది. "తుపాకీ యాడిది సార్? నేననింది బీడీ. కాల్చినావంటే నా శవాన్ని సూస్తావంటి. డాక్టరు వద్దన్యాడని ఒట్టేయించుకుంటి. అంతే కద…"

ఆమె ఆగింది. బల్లల మీదుగా మొగుడి వైపు తిరిగింది. ఓబులేసు తల ఇంకా కిందికి పోయింది.

"కాల్చినావా?"

ఆయన చొక్కా గుండీ తడుముకున్నాడు.

"ఏమప్పా, అడుగుతాండా. కాల్చినావా? దానికేనా పన్నెండు దినాలు నోరు మూసుకోని కూసున్యావు? ఊరంతా నన్ను సంపబోయినావంటాంటే ఆ సంఘం గదిలో కూసున్యావా?"

ఓబులేసు చెయ్యి ఎత్తి, వద్దన్నట్టు ఊపాడు. సైన్యంలో పదిహేడేళ్ళు చేసిన మనిషి కళ్ళు నీళ్ళతో నిండడం మస్తాన్‌వలి చూశాడు.

మునెమ్మ లేచి నిలబడింది. తల మీద కొంగు సర్దుకుంది. అరచేతిని నడినెత్తిన పెట్టుకుని, దేన్నో తీసినట్టు తీసి, కిటికీ అరుగు మీద పెట్టింది.

"ఒట్టు తీసి గట్టున పెట్టినా. అందరూ సూసినారు కదా? ఇంగ సెప్పు."

గదిలో ఉన్నవాళ్ళంతా కిటికీ అరుగు వైపు చూశారు. ఓబులేసు కూడా చూశాడు. నెమ్మదిగా ఊపిరి వదిలాడు.

"దినానికి రెండు," అన్నాడు.

"ఎవురితో?"

"సుంకులక్కతో. బ్యాంకు ఎనకాల."

"ఎన్ని దినాల్నుంచి?"

"నువ్వు ఒట్టేయించుకున్న మర్నాటినుంచి."

వైద్యురాలు పైటతో మూతి కప్పుకుంది. ఆర్డీవో ఆమె నవ్వు ఆగేదాకా ఎదురుచూసి, మిగిలిన తొమ్మిది వాక్యాలూ ఒక్కొక్కటే మళ్ళీ అడిగాడు. ఓబులేసు ఒక్కొక్కదానికీ తను అన్న మాట అన్నట్టుగా చెప్పాడు. హైమావతి ఆ మాటలన్నీ రాసుకుంది. గుమాస్తాకు ఒక్కచోట చెయ్యి ఆగింది.

"ఒట్టు సంగతి ఏమని రాయమంటారు సార్?"

ఆర్డీవో కిటికీ అరుగు వైపు ఇంకోసారి చూశాడు. "శ్రీమతి నాగమునెమ్మ సదరు ఒట్టును సభ్యుల సమక్షంలో ఉపసంహరించుకున్నారు అని రాయి."

ఒకటో తేదీన తప్పనిసరి కావలసిన తాళం వాయిదా పడింది. హైమావతి పంపిన నివేదిక చదివి నాలుగు జట్లూ ఒక మార్పుకు ఒప్పుకున్నాయి. ఇక నుంచి అంకె ఎక్కడ పెరిగినా, ఎక్కడ మరీ తగ్గిపోయినా, ముందు ఆ ఊరి మాట తెలిసిన మనిషి వెళ్ళి అడగాలి. పని పెరుగుతుందని తిరుమలాచారి అన్నాడు. ఆ పెరిగే పనికి కావలసిన మనుషుల పట్టీ తయారు చెయ్యమని కూడా ఆయనే అన్నాడు. హైమావతి ఆ రాత్రి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయింది.

మరుసటి సోమవారం ఓబులేసు దంపతులు తుపాకీ కోసం స్టేషన్‌కు వెళ్ళారు. దారిలో మునెమ్మ వేళ్ళ మీద లెక్కపెడుతూ వచ్చింది.

"నెల రోజులు, దినానికి రెండు. అరవై తూర్లు సచ్చిండాల నేను. సూడు, ఎట్లుండానో. మోకాలి నొప్పి గూడ తగ్గింది."

"సరేలే."

"ఇంగ కాల్సొద్దు. ఒట్టు లేదు, గిట్టు లేదు. వద్దంటాండా, అంతే."

"సరేలేవే."

మస్తాన్‌వలి బీరువా తీసి తుపాకీ తెచ్చాడు. తాళం తీసేశారు, దాని చోట చిన్న గుండ్రటి మచ్చ మిగిలింది. ఓబులేసు బ్యారెల్ వంచి తెరిచి, రెండు గొట్టాలూ ఖాళీగా ఉన్నాయని వెలుతురుకు పెట్టి చూశాడు. రిజిస్టరులో మూడు చోట్ల సంతకం చెయ్యాలి. చేతులు ఖాళీ లేవు. అటూ ఇటూ చూసి, తుపాకీని పెళ్ళాం చేతికిచ్చాడు.

లైసెన్సు లేని మనిషి తుపాకీ పట్టుకోకూడదు. ఎస్సై కిటికీ వైపు తిరిగి, బయట చెట్టు కింద నిలిపిన జీపును చూడసాగాడు.

మునెమ్మ రెండు చేతులతో దాన్ని పొట్టకు ఆనించి పట్టుకుంది.

"ఇంత బరువుంటాదా ఇది?" అంది. "బిన్నా సంతకం పెట్టప్పా. సేతులు గుంజుతాండాయి."